శాన్ హువాన్‌లో అమ్మానాన్నలతో 5 రోజులు: కోటలు, వానల అడవి, రాత్రి వెలిగే నీళ్లు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్రిస్మస్ సెలవుల్లో 5 రోజులు కరీబియన్ దీవి ప్యూర్టో రికో వెళ్తున్నారు, దాని రాజధాని శాన్ హువాన్‌లో మకాం. మీరిద్దరూ, 8 ఏళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, అమ్మగారు శాకాహారి. మీ హెచ్1బీ (ఉద్యోగ వీసా) స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వేసే వీసా ముద్ర గడువు దాటిపోయిందని టెన్షన్ పడుతున్నారు. చివర్లో, "పాత ఊరు ఒక్క పూటలో అయిపోతుందట, మిగతా రోజులు హోటల్ ముందున్న బీచ్‌లో గడిపేయొచ్చా?" అని అడిగారు. ఆ చివరి మాట చూశాకే ఇంత పెద్ద సమాధానం రాయాలనిపించింది. నేను అమెరికా వచ్చి 14 ఏళ్లయింది, శాన్ హువాన్ నాలుగుసార్లు వెళ్లాను, అందులో ఒకసారి అమ్మానాన్నలతో. డిసెంబర్‌లో ఆ హోటల్ ముందున్న సముద్రం గురించి మీకు ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

ముందు వీసా సంగతి. ప్యూర్టో రికో 1898 నుంచి అమెరికా ఏలుబడిలో ఉన్న భూభాగం. అక్కడివాళ్లకు 1917 నుంచి అమెరికా పౌరసత్వం ఉంది. న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడా వెళ్లినట్టే ఇది కూడా డొమెస్టిక్ ప్రయాణం. స్టాంపింగ్ అక్కర్లేదు, కొత్త ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే రికార్డు) రాదు. మీ అమ్మానాన్నలకూ అంతే. కానీ వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు విమానం అమెరికా ఊళ్ల మీదుగానే ఉండాలి. టికెట్ చవగ్గా వస్తోందని మధ్యలో డొమినికన్ రిపబ్లిక్ లాంటి వేరే దేశంలో దిగే విమానం పట్టుకుంటే అది విదేశీ ప్రయాణం అయిపోతుంది. క్రూజ్ ఎక్కి పక్క దీవులకు వెళ్లినా అంతే. ఇంకో జాగ్రత్త, పాస్‌పోర్టులు, మీ ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం), అందరి ఐ-94 ప్రింట్లు చేతి బ్యాగులో పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో అక్కడి విమానాశ్రయంలో అధికారులు చూపించమని అడగొచ్చు. ఒరిజినల్స్ దగ్గరుంటే రెండు నిమిషాల పని.

ఇక ఊరు. పాత శాన్ హువాన్ నిజానికి ఒక చిన్న దీవి. ఉత్తరాన అట్లాంటిక్ సముద్రం, దక్షిణాన లోతైన ప్రశాంతమైన ఖాతం. స్పెయిన్ వాళ్లు 1508లో మొదటి ఊరును తీరం నుంచి లోపలికి, కపార్రా అనే చోట కట్టుకున్నారు. అది అచ్చిరాక 1521 నాటికి ఈ దీవి మీదకు మారారు. అట్లాంటిక్ దాటి వచ్చే ఓడలకు మొదట దొరికే పెద్ద ఆశ్రయాల్లో ఇదొకటి, మంచినీళ్లూ ఆహారమూ దొరికే చోటు. మెక్సికో, పెరూల నుంచి వెండి, బంగారం మోసే సామ్రాజ్యానికి ఇది తూర్పు వాకిలి. వాకిలికి తలుపు ఉండాలి కదా. ఆ తలుపే ఎల్ మోరో కోట. పని 1539లో మొదలైంది, దాదాపు 250 ఏళ్లు సాగింది. రాళ్లు మోసింది ఎక్కువగా బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు, ఖైదీలు, కూలీలు. ఆ గోడల పక్కన నడిచేటప్పుడు ఈ మాట బాబుకు కూడా చెప్పండి.

అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, ఎల్ మోరో, శాన్ క్రిస్టోబల్ రెండూ ఒకలాంటి కోటలే అనుకుని ఒకటి చూసి రెండోది వదిలేయడం. ఆ రెండూ ఒకే కథలో ముందు భాగం, వెనక భాగం. 1595లో ఇంగ్లిష్ నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ సముద్రం వైపు నుంచి వచ్చాడు. ఎల్ మోరో ఫిరంగి గుండు అతని ఓడ కేబిన్‌లోకే దూసుకొచ్చింది, వెనక్కి పోయాడు. మూడేళ్లకు, 1598లో, కంబర్లాండ్ ప్రభువు జార్జ్ క్లిఫర్డ్ తెలివిగా కోట ముందుకు రాలేదు. తూర్పున ఇసుక తీరంలో దిగి నేల మీదుగా నడిచొచ్చాడు. కోట లొంగిపోయింది. అతన్ని వెళ్లగొట్టింది సైన్యం కాదు, రక్తవిరేచనాలు. వందల మంది సైనికులు చనిపోయి కొన్ని వారాలకే ఊరు వదిలేశాడు. 1625లో డచ్చివాళ్లు ఏకంగా ఎల్ మోరో ఫిరంగుల కిందుగా ఖాతంలోకి ఓడలు నడిపించి, ఊరు పట్టుకుని, కోట మాత్రం చిక్కక, పోతూ పోతూ ఊరంతా తగలబెట్టారు. అప్పుడు అర్థమైంది స్పెయిన్‌కు, ముందు తలుపు ఒక్కటీ వేస్తే చాలదని. ఊరి చుట్టూ గోడ లేచింది. నేల వైపు కాపలాగా శాన్ క్రిస్టోబల్ పెరిగింది. అమెరికా ఖండాల్లో స్పెయిన్ కట్టిన కోటల్లో అదే పెద్దది, సుమారు 27 ఎకరాలు. 1797లో ఇంగ్లిష్ సేనలు మళ్లీ కంబర్లాండ్ దారిలోనే వచ్చాయి. ఈసారి దాటలేకపోయాయి.

కాబట్టి ముందు ఎల్ మోరో, తర్వాత శాన్ క్రిస్టోబల్ చూడండి. టికెట్ పెద్దవాళ్లకు 10 డాలర్లు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. ఆ ఒక్క టికెట్ 24 గంటలు రెండు కోటలకూ చెల్లుతుంది. మీ దగ్గర నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే అది చూపిస్తే చాలు. అందుకే నా పద్ధతి ఇది. మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి ఎల్ మోరో లోపలికి వెళ్లండి, మూసేదాకా చూడండి. మర్నాడు పొద్దున్నే శాన్ క్రిస్టోబల్. ఒకే రోజు రెండూ పెట్టుకుంటే నాన్నగారి మోకాళ్లు తట్టుకోవు. కోటలు సాయంత్రం త్వరగానే మూసేస్తారు కాబట్టి, వెళ్లే ముందు ఆ వారం వేళలు నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఎల్ మోరో గేటు దాకా పచ్చిక మైదానం ఉంటుంది. నీడ లేదు, పెద్దవాళ్లకు ఆ నడకే మొదటి పరీక్ష. టోపీ, నీళ్లు, మెల్లగా నడక. వంతెన దాటి లోపలికి వెళ్లగానే వచ్చే ప్రధాన ప్రాంగణం చదునుగానే ఉంటుంది. నాన్నగారు అక్కడ ఫిరంగి పక్కన కూర్చుని ఖాతం మూతిని చూస్తూ ఉండొచ్చు, మీరూ బాబూ కింది అంతస్తులు దిగి రావచ్చు. మొత్తం ఆరు అంతస్తులు, సముద్రం నుంచి 140 అడుగుల పైచిలుకు ఎత్తు. దిగేటప్పుడు అడుగున ఎక్కడో 16వ శతాబ్దపు చిన్న బురుజు, పైకి వచ్చేకొద్దీ తర్వాతి శతాబ్దాల గోడలు, అన్నిటికన్నా పైన రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం పోసిన కాంక్రీటు కాపలా గది. జెండా కర్రలు మూడు ఉంటాయి. అమెరికాది, ప్యూర్టో రికోది, ఇంకోటి తెల్ల గుడ్డ మీద ముళ్ల కొమ్మల్లాంటి ఎర్ర గీతలు ఇంటూ గుర్తులా వేసినట్టుంటుంది. అది పాత స్పెయిన్ సైనిక జెండా. మా అమ్మాయి దాని గురించి అడిగాకే నేను కూడా సరిగ్గా చూశాను.

లోపల పని అయ్యాక హోటల్‌కు పరుగెత్తకండి. ఆ మైదానం టికెట్ లేకుండా ఎవరైనా రాగలిగే చోటు, గాలి ఆగని చోటు. సాయంత్రం ఊరి జనం పిల్లల్ని తీసుకుని గాలిపటాలు ఎగరేయడానికి వస్తారు. వాళ్ల భాషలో చిరింగా. వీధి చివర అమ్ముతారు, ఒకటి కొని బాబు చేతికివ్వండి. మా నాన్న అయితే సంక్రాంతికి మేడ మీద చేసినట్టే దారాన్ని వేలి మీద తడిమి చూసి, "ఇది తెగదురా, మాంజా కాదు" అని నవ్వి, మనవరాలికి ఎగరేసి ఇచ్చారు. పక్కనున్న ఒక స్థానిక పెద్దాయన స్పానిష్‌లో ఏదో చెప్తూ తోక బరువు చాలదని ఇంకో గుడ్డ పేలిక కట్టిపెట్టారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అరగంట మాట్లాడుకున్నారు.

శాన్ క్రిస్టోబల్‌లో రెండు వదలొద్దు. ఒకటి, ప్రాంగణం కింద ఉన్న ఐదు నీటి తొట్లు. అంత రాతి కోటలో ముట్టడి జరిగినా బతకడానికి కప్పుల మీద పడ్డ వాన నీరంతా కిందికి పట్టి దాచుకున్నారు. రెండోది, సొరంగంలో ఖైదీల గది. గోడ మీద పాత తెరచాప ఓడల బొమ్మలు గీసి ఉన్నాయి. తెరచాపల తాళ్లు కూడా ఒక్కొక్కటి గీసిన తీరు చూస్తే, ఆ చేతికి ఓడ పని బాగా తెలుసని తెలిసిపోతుంది. ఈ కోట నుంచే 1898 మే నెలలో అమెరికా ఓడ మీద ఈ దీవి మొదటి గుండు పేల్చింది. రెండ్రోజులకు, మే 12న, అమెరికా నౌకాదళం ఊరి మీద గుళ్ల వర్షం కురిపించింది. ఆ దెబ్బలు ఎల్ మోరో గోడల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

మిగతా ఊరు పొద్దున్నే నడవండి. క్రూజ్ ఓడలు దిగిన రోజు 10 గంటల తర్వాత వీధులు కిక్కిరిసిపోతాయి, 8 గంటలకు మాత్రం ఊరు మీదే. రోడ్డు రాళ్లు నీలంగా ఎందుకున్నాయని బాబు తప్పక అడుగుతాడు. అవి మామూలు రాళ్లు కావు, ఇనుము కరిగించే కొలిమిలో మిగిలిన కిట్టంతో పోసిన ఇటుకలు. అదోకీన్ అంటారు. వాన పడ్డాక వంగి చూడండి, ఒక్కోటి ఒక్కో రంగులో, నెమలికంఠం నుంచి బూడిద దాకా మెరుస్తుంది. తడిగా ఉంటే జారుతుంది కూడా. పెద్దవాళ్లకు గ్రిప్ ఉన్న బూట్లే వేయించండి, చెప్పులు వద్దు.

ఎర్రరంగు పెద్ద ద్వారం ఒకటి ఉంది, ప్వెర్టా డె శాన్ హువాన్. వందల ఏళ్లపాటు ఓడ దిగినవాళ్లు ఆ ద్వారంలోంచి వచ్చి, ఎదురుగా ఎత్తు వీధి ఎక్కి, నేరుగా కెథెడ్రల్‌కు వెళ్లి ప్రాణాలతో వచ్చినందుకు మొక్కు తీర్చుకునేవారు. మీరూ అదే దారిలో వెళ్లండి. కపార్రాలో మొదటి ఊరు కట్టిన పోన్సె డె లియోన్ సమాధి ఆ కెథెడ్రల్‌లోనే ఉంది. దగ్గర్లోనే కొండ అంచున లా రోగాతీవా విగ్రహం. 1797 ముట్టడిలో బిషప్పూ ఆడవాళ్లూ కాగడాలు పట్టుకుని రాత్రి ఊరేగింపుగా వెళ్తే, శత్రువు వాటిని చూసి కొత్త సైన్యం వచ్చిందనుకుని తట్టాబుట్టా సర్దుకున్నాడని ఊరివాళ్లు చెప్పుకునే కథ. మా అమ్మకు కోటలకన్నా ఇదే నచ్చింది.

ఆ ఎర్ర ద్వారం బయటికి వెళ్తే గోడ కిందుగా, నీటి అంచున, ఎల్ మోరో మూల దాకా ముప్పావు మైలు దారి ఉంది. చదునైన దారి, నాన్నగారు కూడా నడవగలరు. సాయంత్రం నాలుగున్నరకు వెళ్తే గోడ ఎంత ఎత్తో మెడ వెనక్కి వాల్చి చూడాల్సి వస్తుంది. ఓడలో వచ్చినవాడికి ఈ ఊరు ఎలా కనిపించి ఉంటుందో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఇప్పుడు సముద్రం గురించి. దయచేసి ఈ పేరా ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. కోట గోడల మీద నుంచి మీరు చూసే ఆ తెల్లటి నురగ అందంగా ఉంటుంది. అదే నీరు తూర్పుకు సాగి కొండాడో అనే పేటలోని హోటళ్ల ముందు బీచ్ అవుతుంది. ఉత్తర తీరానికి అట్లాంటిక్ నేరుగా తగులుతుంది. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఎక్కడో ఉత్తరాన తుఫాన్లు పుట్టించిన పెద్ద అలలు ఎండ కాస్తున్న రోజున కూడా ఇక్కడికి చేరతాయి. నా మొదటి ప్రయాణంలో, క్రిస్మస్ మర్నాడు, మోకాలి లోతులో నిలబడ్డాం. మా అమ్మాయి చెయ్యి నా చేతిలోనే ఉంది. ఒక అల వచ్చి వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకంతా లాక్కుపోయింది. పాప బోర్లా పడింది, చెయ్యి జారింది. నేను వంగేలోపే మూడు గజాలు లోపలికి పోయింది. పక్కనే ఈదుతున్న ఒక కుర్రాడు పట్టుకున్నాడు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. ఆ రోజు ఎర్రజెండా ఎగురుతూనే ఉంది. అదేదో లోతుకు వెళ్లేవాళ్లకు అనుకున్నాను.

అలలు ఒడ్డుకు తోసిన నీరంతా తిరిగి వెళ్లడానికి ఒక సందు వెతుక్కుంటుంది. ఆ సందులో నీరు నదిలా లోపలికి లాగుతుంది. విచిత్రం ఏమిటంటే, రెండు పక్కలా అలలు విరుగుతుంటే మధ్యలో ఆ చోటే ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదుతూ అలసిపోకూడదు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈత రానివాళ్లు దిగకపోవడమే మందు.

మరి బాబు నీళ్లలో ఆడుకోవద్దా? తప్పకుండా ఆడుకోవాలి, చోటు మార్చాలంతే. పాత ఊరికి దగ్గర్లో ఎస్కంబ్రోన్ అనే పబ్లిక్ బీచ్ ఉంది. ముందు రాతి కట్టలా అడ్డం ఉండటంతో లోపలి నీరు నెమ్మదిగా ఉంటుంది, అలలు లేని రోజు స్నోర్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుంటే రంగు చేపలు కనిపిస్తాయి. ఆ రాళ్లు దాటి మాత్రం వెళ్లొద్దు. లైఫ్‌గార్డును అడిగి దిగండి. కొండాడో బీచ్‌కు రోడ్డు అవతల వైపే కొండాడో లగూన్ ఉంది. అక్కడ కయాక్ (తెడ్డేసే చిన్న పడవ), నిలబడి తెడ్డేసే పలకలు అద్దెకిస్తారు. నీరు చెరువులా ఉంటుంది, అదృష్టం బాగుంటే మనాటీ అనే పెద్ద నీటి జంతువు పక్కన తేలుతుంది. లైఫ్ జాకెట్ వేసుకుంటే అమ్మగారు కూడా మీతో కయాక్‌లో కూర్చోవచ్చు.

మూడో రోజు కారు అద్దెకు తీసుకుని తూర్పుకు వెళ్లండి. మొదటి రెండు రోజులు కారు వద్దు, పాత ఊరి సందుల్లో పార్కింగ్ తలనొప్పి, ఊబర్ చాలు. ఇక్కడ వేగం మైళ్లలో, దూరం బోర్డులు కిలోమీటర్లలో, పెట్రోలు లీటర్లలో ఉంటాయి, కంగారు పడకండి.

గంట లోపే ఎల్ యుంకే వస్తుంది. అమెరికా జాతీయ అడవుల్లో ఉష్ణమండల వర్షారణ్యం ఇదొక్కటే, సుమారు 28,000 ఎకరాలు. ఈ అడవిలో పెద్దవాళ్లతో కూడా చేయగలిగింది చాలా ఉంది, ఎందుకంటే 191 నంబర్ రోడ్డు కొండ ఎక్కుతూ లోపలికి వెళ్తుంది. లా కోకా జలపాతం రోడ్డు పక్కనే, 85 అడుగుల నల్లరాతి మీద నీరు జారుతుంటుంది, కారు దిగితే చాలు. ఇంకొంచెం పైన యోకాహూ బురుజు. మెట్లెక్కగలిగినవాళ్లకు ఒకవైపు మేఘాలు తగులుతున్న కొండ, ఇంకోవైపు సముద్రం. నాన్నగారూ అమ్మగారూ విజిటర్ సెంటర్‌లో కూర్చుంటే మీరూ బాబూ మౌంట్ బ్రిటన్ దారి పట్టండి. ఒకవైపుకు సుమారు ముప్పావు మైలు, ఎత్తే ఎత్తు. 1930లలో నిరుద్యోగ యువకులకు ప్రభుత్వం పని కల్పించి వేయించిన బాట, పైనున్న రాతి బురుజు కూడా వాళ్లు కట్టిందే. పైకి వెళ్లేకొద్దీ చెట్లు పొట్టివైపోతాయి, ఒంటి నిండా నాచు. మేఘం కమ్మితే ఏమీ కనిపించదు, పది నిమిషాలు ఆగండి, గాలికి పక్కకు పోతుంది.

రోజూ వాన పడుతుంది, పడాలి. కానీ ఏటిలో దిగినప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైన కొండ మీద వాన పడితే నిమిషాల్లో ఏరు పొంగుతుంది. నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఫొటో సంగతి వదిలేసి గట్టెక్కండి. 2017 సెప్టెంబర్ 20న వచ్చిన మరియా తుఫాను ఈ అడవిని ఆకు లేకుండా చేసింది. కొన్ని బాటలు చాలా ఏళ్లు మూసే ఉన్నాయి. ఏవి తెరిచారో అటవీశాఖ పేజీలో ముందు రోజు చూడండి. ఆకుపచ్చ ఒంటితో, నుదుట ఎర్ర చారతో ఒక చిలుక ఈ దీవిలోనే ఉంటుంది. 1975లో అడవిలో 13 మాత్రమే మిగిలాయి. పెంచి, వదిలి, తుఫానుకు పోగొట్టుకుని, మళ్లీ పెంచి వదులుతున్నారు. కనిపించకపోయినా బాబుకు ఆ కథ చెప్పండి.

అడవి దిగాక లుకియో బీచ్‌కు వెళ్లండి. బాబు ఈత ముచ్చట అక్కడ తీర్చండి. పగడపు దిబ్బ అడ్డం ఉన్న వంపు, నీరు కుదురు, కొబ్బరిచెట్ల నీడ, బాత్రూములు. పక్కనే రోడ్డు వెంట వరసగా తిండి కొట్లు. ఆ రాత్రి శాన్ హువాన్‌కు తిరిగి రాకుండా ఫహార్డో వైపు ఒక గది తీసుకోండి. మీ ప్రయాణంలో మర్చిపోలేనిది అక్కడే ఉంది.

ఫహార్డోలో లగూనా గ్రాండే అనే మడుగు ఉంది. అందులో పైరోడైనియం అనే కంటికి ఆనని జీవులు కోట్లలో ఉంటాయి. నీరు కదిలినప్పుడల్లా ఒక్కోటి క్షణంపాటు నీలిపచ్చ వెలుగు వెలుగుతుంది. ఒడ్డునున్న ఎర్ర మడ చెట్ల ఆకులు కుళ్లి వాటికి పోషణ ఇస్తాయి, ఇరుకు మూతి వల్ల అవి సముద్రంలోకి కొట్టుకుపోవు. ప్యూర్టో రికోలో ఇలాంటివి మూడు. అన్నిటికన్నా ప్రకాశవంతం వియేకెస్ దీవిలోది, కానీ దానికి సేబా నుంచి ఫెర్రీ ఎక్కి ఒక రాత్రి ఉండాలి, పెద్దవాళ్లతో 5 రోజుల్లో అది సాగదు. ఫహార్డోలో ఇద్దరేసి కూర్చునే కయాక్‌లు కట్టి, మడ అడవి కాలువలోంచి తీసుకెళ్తారు. కాలువలో తల మీద కొమ్మలు, చుట్టూ కటిక చీకటి, ముందున్న కయాక్ వెనక చిన్న ఎర్ర దీపం ఒక్కటే. మొదట అనుమానం వస్తుంది, ఏమీ లేదేమోనని. తెడ్డు ముంచి తీశాను. తెడ్డు చుట్టూ సున్నం కలిపినట్టు తెల్లటి పొగ, దాని లోపల మిణుకులు. చెయ్యి ముంచి పైకెత్తితే మోచేతి మీంచి చుక్కలు జారుతూ ఒక్కోటి వెలిగి ఆరిపోయాయి. అడుగున చేప పరుగెత్తితే గీత గీసినట్టు కనిపించింది. ఫోన్‌లో ఏమీ పడదు, ప్రయత్నం కూడా చేయకండి.

నాన్నగారికీ అమ్మగారికీ కయాక్ వద్దు, తిరుగుదారిలో ఎదురుగాలికి భుజాలు పట్టేస్తాయి. అక్కడే బ్యాటరీతో నడిచే పడవల ట్రిప్పులూ ఉన్నాయి, ముందే బుక్ చేయండి. నీళ్లలో దిగడం నిషేధం. దోమల మందు, సన్‌స్క్రీన్ రాసుకుని చెయ్యి ముంచకండి, ఆ జీవులకు హాని. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే సరిపోతుంది.

తేదీ ఎంచుకోవడం తెలుగు క్యాలెండర్ ఉన్నవాళ్లకు చాలా తేలిక. అమావాస్యకు దగ్గరైతే ఉత్తమం. పౌర్ణమికి ముందు వారం వద్దు, సూర్యుడు మునిగేసరికే చంద్రుడు నెత్తి మీద ఉంటాడు. కానీ సంకష్టహర చవితి నాడు చంద్రుడి కోసం ఎంతసేపు ఎదురుచూస్తామో అమ్మగారికి తెలుసు కదా! అంటే పౌర్ణమి దాటిన నాలుగో రోజు నుంచి మొదటి ట్రిప్పు, ఆరున్నర ఆ ప్రాంతంలోది, పూర్తి చీకట్లోనే అయిపోతుంది. అక్కడ డిసెంబర్‌లో ఆరు లోపే సూర్యాస్తమయం.

ఆ రాత్రి గది కిటికీ తెరిచి పడుకోండి. "కో-కీ, కో-కీ" అని ఈల వినిపిస్తుంది. పక్షి కాదు, బొటనవేలంత కప్ప. మగది మాత్రమే అరుస్తుంది. పరాయి దేశాల్లో బతికే ప్యూర్టో రికన్లు ఊరు గుర్తొస్తే మొదట చెప్పేది ఆ శబ్దం గురించే.

తిండి గురించి అమ్మగారికి భయం వద్దు, కానీ అడిగి తినాలి. మోఫోంగో అనే వంట ఉంది. పచ్చి అరటికాయ ముక్కలు వేయించి, కొయ్య రోట్లో వెల్లుల్లి, ఉప్పు, నూనె వేసి దంచి ముద్ద చేస్తారు. మామూలుగా అందులో పందితోలు వేపుడు కలుపుతారు, లేకుండా చేయమంటే చాలాచోట్ల చేస్తారు. ఇంకోటి అర్రోస్ కోన్ గందూలెస్. పేరు వినగానే మా అమ్మ "కందులా?" అంది. కందులే! పచ్చి కందికాయ గింజలతో అన్నం. మన దేశంలో పుట్టిన కంది ఆఫ్రికా వెళ్లి, బానిసల ఓడల కాలంలో ఇక్కడికి చేరింది, ఇవాళ వీళ్ల క్రిస్మస్ భోజనంలో అది లేకుండా ఉండదు. దాంట్లోనూ పందిమాంసం ముక్కలు వేయడం అలవాటు, చిక్కుడు గింజల కూరలోనూ అంతే. "సిన్ కార్నె, సిన్ హమోన్" అని రెండు మాటలు నేర్చుకోండి, మాంసం వద్దు, హామ్ వద్దు అని. ఒత్తి వేయించిన అరటికాయ తొస్తోనెస్, పండు అరటి వేపుడు ధైర్యంగా తినొచ్చు, వేయించే నూనె మాత్రం ఏమిటో అడగండి. వంటగది ఉన్న బస తీసుకుంటే బియ్యం, పెరుగు సూపర్‌మార్కెట్‌లో దొరుకుతాయి, రాత్రికి పెరుగన్నంతో నాన్నగారికి ప్రాణం లేచొస్తుంది. బాబుకు వీధిలో పిరాగువా కొనిపెట్టండి, మన ఐస్ గోలాకు అన్న.

నాలుగో రోజు మధ్యాహ్నానికి తిరిగి వచ్చి విశ్రాంతి. మీరిద్దరూ మాత్రం వెళ్దామనుకుంటే పడమర అరెసీబో దగ్గర గుహలున్నాయి, ఓరోకోవిస్ కొండల్లో తీగకు వేలాడుతూ జారే పొడవైన జిప్‌లైన్ ఉంది. రెండూ బాగుంటాయి, కానీ ఈసారికి వద్దంటాను, రోజంతా కారులోనే పోతుంది. దానికి బదులు చివరి పొద్దున మళ్లీ పాత ఊరికి వెళ్లి, ఇంకా షట్టర్లు తీయని వీధుల్లో కాఫీ తాగుతూ కూర్చోండి. ఆ కాఫీ కొండ ప్రాంతాల్లో పండిందే. వేయించిన గింజలు ఇంటికి తెచ్చుకోవచ్చు.

విమానాశ్రయంలో చెక్-ఇన్‌కు ముందు ప్రతి పెట్టె వ్యవసాయశాఖ స్కానర్‌లోంచి వెళ్లాలి, దానికి ఒక అరగంట అదనంగా పెట్టుకోండి. తాజా మామిడిపండు, మట్టితో ఉన్న మొక్క, చెరుకు గడ లాంటివి ఒప్పుకోరు. అమ్మగారు ఎక్కడో ముచ్చటపడి ఏ మొక్కో తీసి బ్యాగులో పెట్టుకునే అవకాశం ఉంది, ముందు రాత్రే ఒకసారి అడగండి.